ఇండియన్ డిఫెన్స్‌లో ఆ ఇండియన్ ఎవరు?

ఆదివారం పూట ఏ స్కూలు హాలు ముందో, ఏ కల్యాణ మండపం ముందో తల్లులూ తండ్రులూ నీళ్ల సీసాలు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని గుంపుగా నిలబడి, గొంతు తగ్గించి గుసగుసలాడుకుంటూ ఉంటే లోపల పిల్లల చెస్ టోర్నమెంటు జరుగుతోందని వేరే చెప్పక్కర్లేదు. 2024 డిసెంబరులో చెన్నైలో పుట్టి పెరిగిన మన తెలుగింటి కుర్రాడు గుకేశ్ పద్దెనిమిదేళ్లకే సింగపూరులో ప్రపంచ విజేత అయ్యాడు కదా, ఆ గుసగుసల్లో తెలుగు మాటలు వినబడితే ఇప్పుడు ఎవరూ ఆశ్చర్యపోరు.

ఆ పిల్లలు బయటికి వచ్చాక చేతిలో ఒక కాగితం ఉంటుంది. అందులో తామూ, ఎదుటివాళ్లూ వేసిన ఎత్తులన్నీ వరసగా రాసి ఉంటాయి. "ఏ ఓపెనింగ్ ఆడావురా?" అని అడిగితే కొందరు సిసిలియన్ అంటారు, కొందరు ఇటాలియన్ అంటారు, కాస్త చదువుకున్నవాడు కింగ్స్ ఇండియన్ అంటాడు. ఆటలో మొదటి పది పన్నెండు ఎత్తుల వరసకి ఓపెనింగ్ అని పేరు. వాటి పేర్లు చూస్తే భూగోళ పాఠంలా ఉంటుంది: ఫ్రెంచ్, డచ్, ఇంగ్లీష్, స్కాచ్. మనదేశం పేరు మీదైతే ఒకటి కాదు, కింగ్స్ ఇండియన్, క్వీన్స్ ఇండియన్, ఓల్డ్ ఇండియన్, నిమ్జో ఇండియన్ అని ఒక కుటుంబమే ఉంది.

చదరంగం పుట్టింది మనదేశంలో కాబట్టి గౌరవంగా ఆ పేరు పెట్టి ఉంటారని చాలామంది అనుకుంటారు. అది కాదు. ఆ ఇండియన్ ఒక మనిషి. పేరు మహేశ్‌చంద్ర బెనర్జీ. బెంగాల్ మొఫసిల్‌లో ఉండిన బ్రాహ్మణుడు. ఈ సంచికలో ఆయన ఆడిన ఒక ఆట చూద్దాం. ముందే చెబుతున్నాను, అందులో ఆయన ఓడిపోయాడు.

ఆటలోకి వెళ్లే ముందు పాత పద్ధతి గురించి రెండు మాటలు. మీ ఇంట్లో తాతయ్యలెవరైనా చదరంగం ఆడేవాళ్లయితే వారిని అడగండి, సగం వాళ్లే చెబుతారు. మనదేశపు చదరంగంలో చాలాచోట్ల బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. ఇప్పటిలా రెండు గడులు దూకడం లేదు, లేదా ఒకటి రెండు బంట్లకే ఆ సదుపాయం. రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో అటూ ఇటూ మార్చే క్యాస్లింగ్ లేదు. దానికి బదులు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు, అదీ చెక్ పడకముందే. అవతలి గట్టు చేరిన బంటు ఏ నిలువు వరసలో చేరితే ఆ వరస తాలూకు పావుగానే మారుతుంది; ఇష్టం వచ్చినట్టు మంత్రి కావడం కుదరదు. ఊరూరికీ చిన్న చిన్న తేడాలు ఉండేవి. బంధువుల ఇంటికి పెళ్లికి వెళితే ఆట మొదలెట్టే ముందు "మీ వైపు రాజు దూకుతాడా?" అని అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది.

బంటు ఒక్కొక్క గడే నడిస్తే ఏమవుతుంది? బల్ల మధ్య రెండు సైన్యాలూ తలపడడానికి వ్యవధి పడుతుంది. తొందరపడి మధ్యలోకి ఉరికే పని లేదు. గుర్రం ముందున్న బంటుని ఒక్క గడి జరిపి, ఆ ఖాళీలో శకటుని కూర్చోబెట్టి, అది ఏటవాలుగా బల్ల ఈ మూల నుంచి ఆ మూలదాకా చూస్తుంటే నిదానంగా మిగతా పావుల్ని సర్దుకుంటారు. ఇది ఆ ఆటలో సహజమైన అలవాటు. యూరోపువాళ్లకి మాత్రం ఇటువంటి ఆట పిరికితనంగా కనబడేది. మధ్య గడుల్లోకి బంట్లను రెండేసి గడులు తోసి ఆక్రమించాలి, వెంటనే దాడి చేయాలి, అది వారి కాలపు ధర్మం.

ఈ రెండు ధర్మాలూ కలకత్తాలో ఎదురుపడ్డాయి. జాన్ కాక్రేన్ అని స్కాట్లండ్ దేశస్థుడు, 1798లో పుట్టాడు, వృత్తికి బారిస్టరు. కుర్రతనంలోనే పారిస్ వెళ్లి అప్పటి మేటి ఆటగాళ్లతో తలపడ్డాడు, 1822లో చదరంగం మీద పుస్తకం రాశాడు. 1824లో లండన్‌కీ ఎడింబరోకీ మధ్య ఉత్తరాల మీద ఆట జరుగుతుంటే లండన్ తరఫున ఒక కొత్త ఓపెనింగ్ సూచించి, ఆట తేలకముందే ఓడ ఎక్కి మనదేశానికి వచ్చేశాడు. తర్వాత కలకత్తాలో దశాబ్దాల తరబడి వకాలతు చేస్తూ అక్కడి చెస్ క్లబ్బుకి పెద్దదిక్కుగా ఉన్నాడు. డబ్బుకోసం ఆడినవాడు కాదు. కోర్టు పని అయ్యాక ఆడేవాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అమెచ్యూరే.

ఉత్తరాల మీద ఆట అన్నాను కాబట్టి ఒక పక్కదారి. 1828, 29లో మద్రాసుకీ హైదరాబాదుకీ మధ్య కూడా ఇలాగే ఉత్తరాల మీద రెండాటల పందెం జరిగింది. మద్రాసు జట్టులో ఘులాం కాసిం అని గట్టి ఆటగాడు ఉండేవాడు. ఆయనా, జేమ్స్ కాక్రేన్ అనే మద్రాసు సివిల్ ఉద్యోగీ (ఇతను వేరు, మన బారిస్టరు వేరు) కలిసి 1829లో మద్రాసులోనే ఆ ఆటలతో సహా ఒక పుస్తకం అచ్చు వేయించారు. తపాలా బంట్రోతు తెచ్చే ఒక్క ఎత్తు కోసం రెండు ఊళ్లవాళ్లు అన్నేసి రోజులు ఎదురుచూసేవారంటే వాళ్ల ఓపికకి దండం పెట్టాలి. ఇప్పుడు ఒక ఎత్తుకి నిమిషం ఆలస్యమైతే మన పిల్లలు కుర్చీలో నిలవరు.

కలకత్తాకి వద్దాం. 1848లో ఆ క్లబ్బు సభ్యుడొకరికి, మొఫసిల్‌లో ఇంతవరకూ ఎవరి చేతా ఓడని బ్రాహ్మణుడొకరు ఉన్నాడని తెలిసింది. ఆయన్ని వెతికి పట్టుకుని కాక్రేన్ ముందు కూర్చోబెట్టారు. మహేశ్‌చంద్ర మొదట ఓడాడు. ఓడడంలో వింతేమీ లేదు, నియమాలే కొత్త. కానీ ఆయన తిరిగి ఊరికి పోయి "మన ఆటే మేలు" అనుకుంటూ కూర్చోలేదు. క్లబ్బు ఆయన్ని జీతం మీద ఆడడానికి పెట్టుకుంది, కాక్రేన్‌కి దీటుగా నిలబడగలిగిన ఆటగాడు అయ్యాడు. ఏళ్ల తరబడి ఇద్దరూ కొన్ని వందల ఆటలు ఆడారు. శ్యామచరణ్ ఘటక్ అనే మరో బెంగాలీ కూడా కాక్రేన్‌తో ఆడేవాడు. కాక్రేన్ ఈ ఆటలను రాసి ఉంచాడు, కొన్ని ఇంగ్లండులోని చెస్ పత్రికలకు చేరాయి. అలా రాసి ఉండకపోతే ఈ రోజు ఈ శీర్షికకి విషయమే లేదు.

ఇక బల్ల తీయండి. అక్షరాలు ఇలా వాడుతున్నాను: గు అంటే గుర్రం, శ అంటే శకటు, ఏను అంటే ఏనుగు, మం అంటే మంత్రి. పేరు లేకుండా గడి మాత్రమే ఉంటే అది బంటు ఎత్తు. × గుర్తు ఉంటే చంపడం. మహారాష్ట్ర పాఠకులు శకటుని ఒంటె అంటారని తెలుసు, అలాగే అనుకోండి. బెంగాలీలో అయితే మూలన ఉండే పావు పడవ, మనం శకటు అనే పావు వాళ్లకి ఏనుగు! కాబట్టి ఈ ఆటలో ఏటవాలుగా కాపు కాసేది మహేశ్‌చంద్ర దృష్టిలో ఏనుగే అయి ఉంటుంది.

1855, కలకత్తా. తెల్లపావులు కాక్రేన్‌వి, నల్లవి మహేశ్‌చంద్రవి.

1. డి4, గు-ఎఫ్6, 2. సి4, జి6, 3. గు-సి3, డి5, 4. ఇ3, శ-జి7, 5. గు-ఎఫ్3, క్యాస్లింగ్ (రాజు వైపు), 6. సి×డి5, గు×డి5, 7. శ-ఇ2, గు×సి3, 8. బి×సి3, సి5.

ఇక్కడ ఆపి బల్ల చూడండి. నల్లవాడు జి బంటుని ఒక్క గడి జరిపాడు, అది పుట్టింటి అలవాటు. డి బంటునీ సి బంటునీ రెండేసి గడులు తోశాడు, అది కొత్తగా నేర్చుకున్నది. తమ ఆటలో లేనే లేని క్యాస్లింగ్‌ని అయిదో ఎత్తుకే చేశాడు. పైగా ఇవి అతుకుల బొంతలా లేవు. తెల్లవాణ్ణి మధ్యలో బంట్లు పేర్చుకోనిచ్చి, ఆ బంట్లనే పక్కనుంచి సి5తో గుద్దుతున్నాడు. వెనక నుంచి జి7 శకటు డి4 బంటు మీద కన్నేసి ఉంది. మనం ఇంట్లో మాట్లాడే తెలుగులో కన్నడమో తమిళమో ఒడియానో కలిసిపోయి, ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లలకి తెలియకుండానే మాట ధారగా వస్తుంది చూడండి, అలా ఉంది ఈ ఆట.

9. క్యాస్లింగ్, సి×డి4, 10. సి×డి4, గు-సి6, 11. శ-బి2, శ-జి4, 12. ఏను-సి1, ఏను-సి8, 13. శ-ఎ3, మం-ఎ5, 14. మం-బి3, ఏను (ఎఫ్8)-ఇ8.

ఇదాకా నల్లవాడికి ఏ ఇబ్బందీ లేదు, పావులన్నీ బయటికి వచ్చాయి. కానీ పధ్నాలుగో ఎత్తు గమనించండి. ఎ3లోని తెల్ల శకటు ఇ7 బంటుని చూస్తోంది కాబట్టి దాన్ని కాయడానికి ఏనుగు ఎఫ్8 నుంచి ఇ8కి జరిగింది. సబబుగానే కనబడుతుంది. అయితే ఆ ఏనుగు అంతవరకూ మరో పని కూడా చేస్తోంది, ఎఫ్7 బంటుకి కాపలా. ఇప్పుడు ఎఫ్7కి రాజు ఒక్కడే దిక్కు. అప్పుడే బి3కి వచ్చిన తెల్ల మంత్రి చూపు ఏటవాలుగా సూటిగా అక్కడికే పోతోంది. టోర్నమెంట్లలో పిల్లలు ఓడే ఆటల్లో ఇదే మళ్లీ మళ్లీ చూస్తుంటాను. ఒక పావు రెండు పనులు చేస్తుంటుంది, ఒక పనికోసం దాన్ని కదిపితే రెండో పని గాలికి పోతుంది.

15. ఏను-సి5, మం-బి6, 16. ఏను-బి5, మం-డి8.

కాక్రేన్ ఏనుగుతో మంత్రిని తరిమాడు. ఎ5కి వెళ్లిన మంత్రి బి6 మీదుగా మొదటి గడికే తిరిగొచ్చింది. మూడు ఎత్తులు ఖర్చు, గిట్టింది సున్న.

17. గు-జి5, శ×ఇ2, 18. గు×ఎఫ్7, గు-ఎ5.

తెల్లగుర్రం జి5కి దూకగానే దారి తెరుచుకుని రెండు శకట్లూ ఎదురెదురయ్యాయి. మహేశ్‌చంద్ర ఇ2లోని శకటుని చంపాడు, కాక్రేన్ దాని వైపు చూడనైనా చూడలేదు. గుర్రం ఎఫ్7లో దిగింది. అక్కణ్ణుంచి అది డి8లోని మంత్రి మీద ఉంది; అది పక్కకి తప్పుకుంటే వెనక బి3 మంత్రి దారి తెరుచుకుని రాజుకి చెక్. నల్లవాడు గు-ఎ5 వేసి మంత్రి మీదికి వెళ్లాడు, అది పారిపోతుందనుకుని. అది పారిపోలేదు. ఇక్కడి నుంచి మూడు ఎత్తుల్లో ఆట కట్టు:

19. గు-హెచ్6. గుర్రమూ చెక్ ఇస్తుంది, మంత్రీ చెక్ ఇస్తుంది. రెండు చెక్‌లు ఒకేసారి పడితే దేన్నీ చంపి లాభం లేదు, రాజు కదలవలసిందే. రాజు హెచ్8కి వెళితే 20. మం-జి8 చెక్. తన మంత్రిని తానే బలిపెట్టడం! గుర్రం కాపు ఉంది కాబట్టి రాజు దాన్ని తీసుకోలేడు, ఏనుగే తీసుకోవాలి. 21. గు-ఎఫ్7, ఆట కట్టు. రాజు చుట్టూ తన ఏనుగు, తన శకటు, తన బంటు. ఊపిరాడే గడి ఒక్కటి లేదు, ఎదురుగా ఒంటరి గుర్రం.

కాక్రేన్‌కి ఎఫ్7 మీద గుర్రం అంటే పాత మోజు. 1848లోనే ఇదే మహేశ్‌చంద్ర మీద నాలుగో ఎత్తుకే గుర్రాన్ని ఎఫ్7లో బలిచ్చాడు. 1. ఇ4, ఇ5, 2. గు-ఎఫ్3, గు-ఎఫ్6, 3. గు×ఇ5, డి6; 4. గు×ఎఫ్7. దానికి ఇప్పటికీ కాక్రేన్ గ్యాంబిట్ అనే పేరు. 1999లో లినారెస్‌లో టోపలోవ్ అంతటివాడు క్రామ్నిక్ మీద దీన్ని వేసి డ్రా చేసుకున్నాడు.

చూడండి, గుర్రాన్ని బలిచ్చిన కాక్రేన్ పేరు ఆ ఎత్తుకి నిలిచింది. మరి ఆ 1855 ఆటలో నల్లవాడి మొదటి ఎత్తుల వరస, గు-ఎఫ్6, జి6, డి5, దానికి ఎవరి పేరు? గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్స్. ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్ వియన్నావాసి. 1922లో, అంటే కలకత్తా ఆట జరిగిన 67 ఏళ్లకి, పెద్ద టోర్నమెంట్లలో ఈ వరసను ఆడి చూపించాడు. ఆ ఏడే వియన్నాలో దీనితోనే అలెఖిన్‌ని ఓడించాడు; అలెఖిన్ మరో అయిదేళ్లకి ప్రపంచ విజేత అయ్యాడు. మధ్య గడుల్ని వెంటనే ఆక్రమించక్కర్లేదు, దూరం నుంచి శకట్లతో అదుపు చేయవచ్చు అని నిమ్జోవిచ్, రేటీ, టార్టకోవర్ లాంటివాళ్లు అప్పుడు చెబుతుంటే చెస్ లోకం అదొక విప్లవం అనుకుంది. పాత క్లబ్బు కాగితాలు తిరగేసినవారికి మాత్రం ఈ విప్లవం ఎక్కడో చూసినట్టే ఉంది. ఫిలిప్ సార్జెంట్ 1934లో బ్రిటిష్ చదరంగ చరిత్ర రాస్తూ, ఈ పద్ధతిని యూరోపువాళ్లకి చాలావరకు నేర్పింది మహేశ్‌చంద్ర, ఆయనలాంటి భారతీయులేనని, వారికి అది సొంత ఆట నుంచి వచ్చిన ఆస్తి అని స్పష్టంగా ఒప్పుకున్నాడు.

గ్రూన్‌ఫెల్డ్‌ని నేను తప్పుపట్టను. ఆయన ఆ వరసను పరిశోధించాడు, మేటి ఆటగాళ్ల ముందు పరీక్షకు పెట్టాడు, గెలిచాడు. పేరు గెలిచినవాడికి పోవడం లోకరీతి. కానీ 'ఇండియన్' అనే మాటలో మనిషి కరిగిపోయి దేశం మాత్రమే మిగలడం కొంచెం బాధే. సిసిలియన్ అంటే ఊరు గుర్తొస్తుంది, గ్రూన్‌ఫెల్డ్ అంటే మనిషి గుర్తొస్తాడు. ఇండియన్ అంటే మహేశ్‌చంద్ర ఎవరికి గుర్తొస్తాడు?

ఆ తరవాతి కథ కొంత మీకు తెలిసిందే. పంజాబు పల్లెలో పాత నియమాలతో ఆట నేర్చిన మీర్ సుల్తాన్ ఖాన్ 1929లో ఇంగ్లండు వెళ్లి ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు, మళ్లీ 1932లో, 1933లో. 1930-31 హేస్టింగ్స్‌లో కాపాబ్లాంకాని ఓడించాడు. ఆయనకి గ్రాండ్‌మాస్టర్ గౌరవం ఫిడే ఇచ్చింది 2024లో, ఆయన పోయిన 58 ఏళ్లకి. 1956లో న్యూయార్క్‌లో పదమూడేళ్ల బాబీ ఫిషర్ డొనాల్డ్ బర్న్ మీద మంత్రిని వదులుకుని గెలిచిన ఆట, శతాబ్దపు ఆట అని పేరుపడ్డది, ఆ ఓపెనింగ్ కూడా గ్రూన్‌ఫెల్డే. 2010లో సోఫియాలో ప్రపంచ పోటీ మొదటి ఆటలో మన ఆనంద్ నల్లపావులతో ఈ గ్రూన్‌ఫెల్డే ఆడాడు. టోపలోవ్ చేతిలో ముప్పయ్ ఎత్తుల్లో ఓడాడు. చివరి ఆటా నల్లపావులతోనే, వేరే ఓపెనింగ్‌తో గెలిచి కిరీటం నిలబెట్టుకున్నాడు.

తల్లిదండ్రులకు ఒక చిన్న మనవి. టోర్నమెంటు నుంచి వచ్చిన ఎత్తుల కాగితాన్ని ఓడిన ఆటే కదా అని టిఫిన్ డబ్బాతోపాటు చెత్తబుట్టలో వేయకండి. తేదీ రాసి ఒక ఫైలులో పెట్టండి. మర్నాడు కోపం చల్లారాక పిల్లలతో కూర్చుని, కాపలా ఎక్కడ పోయిందో ఒక్క ఎత్తు వెతకండి చాలు. "అలా ఎందుకు వేశావు?" అని నిలదీయకుండా "అప్పుడు ఏమనుకున్నావు?" అని అడగండి, వాళ్లే చెబుతారు. చెస్ రాని అమ్మమ్మ అడిగినా ఫరవాలేదు. నిజానికి ఆవిడకైతే పిల్లలు ఇంకా వివరంగా చెబుతారు.

ఇక పిల్లలకి ఈసారి పని. పైన చెప్పిన ఆటను పద్దెనిమిదో ఎత్తుదాకా బల్లమీద పేర్చండి. 19. గు-హెచ్6 చెక్ పడింది. రాజు హెచ్8కి వెళితే ఏమైందో చూశాం. అలాకాక ఎఫ్8కి వెళితే తెల్లవాడు ఒక్క ఎత్తులోనే ఆట కట్టించవచ్చు, ఈసారి మంత్రిని బలిపెట్టే పని కూడా లేదు. ఆ ఎత్తు ఏది? రెండో ప్రశ్న కొంచెం పెద్దవాళ్లకి: పధ్నాలుగో ఎత్తులో ఏనుగుని ఎఫ్8లోనే ఉంచి ఇ7 బంటుని కాపాడుకోవడానికి నల్లవాడికి వేరే దారి ఏదైనా కనబడుతోందా? పోస్టుకార్డు మీద రాసి పంపితే చాలు, కవరు అక్కర్లేదు.